పరిటాలలో తేలని కుస్తీ

బస్సు వెనక క్లీనరు బొగ్గుపొయ్యి పంకా తిప్పి తిప్పి చెమటలు కక్కుతున్నాడు గాని ఇంజను ఇంకా అందుకోలేదు. యుద్ధం ముగిసి, స్వరాజ్యం వచ్చి, గాంధీగారు కూడా పోయి ఎండాకాలం వచ్చినా జగ్గయ్యపేటకి ఈ బొగ్గు బస్సుల పీడ మాత్రం వదల్లేదు. దశరథరామయ్య కిటికీ పక్కన మోకాళ్లు ముందు బల్లకి ఆనించి, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ఆ బల్ల మీద మిగిలేది అర మనిషి చోటు. ఆ అర చోటులో ఆంజనేయులు అల్లుడు జగన్నాథరావు ఒక తుంటి మీద సర్దుకున్నాడు. పొద్దున్నే నందిగామ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడవకుండానే చెప్పింది ఇతనే. "మామగారికి బాగాలేదండి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ఇవాళో రేపో అంటున్నారు. మిమ్మల్నే రమ్మంటున్నారండి." ఎందుకు అంటే, ఎందుకో చెప్పడం లేదండి అన్నాడు. చెప్పకపోతే మానె. ఎందుకో దశరథరామయ్యకి తెలుసు. ఆంజనేయులు దగ్గర ఒక్క మాట ఉంది, ఈ భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేని మాట. పరిటాలలో ఆ సాయంత్రం అతని వీపు నేలకి తగిలిందా లేదా అన్నది. పదిహేడేళ్లుగా ఆ మాట అతని కడుపులోనే ఉంది. అది చెప్పడానికే పిలిచాడు. ఇంకెందుకు పిలుస్తాడు, పోయేముందు మనిషికి ఇంకేం పని ఉంటుంది నాతో, ఈ బస్సు కదిలితే బాగుండును.

బాలామణి అన్నం పెట్టలేదు, పెడతానన్నా తనే తినలేదు, ఏదో ఒకటి. చొక్కా అందిస్తూ ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది. "అడగడానికేగా వెళ్తున్నారు?" అంది. చూడ్డానికి అన్నాడు. "చూడ్డానికైతే సరే. అవతల ఆవిడ పసుపుకుంకాలు పోతున్నాయి. అక్కడ నుంచుని ఓడావా గెలిచావా అని అడిగారంటే మళ్లీ ఈ గడప తొక్కకండి," అంది. బాలామణి అన్నదంటే అన్నదే. అడగను అన్నాడు. ఆ మాట నోటితో అన్నాడు గాని మనసుతో అనలేదని ఆవిడకీ తెలుసు. నలభై ఏళ్ల కాపురంలో అబద్ధం చెప్పి తప్పించుకున్న సందర్భం ఒక్కటైనా ఉంటే గదా. ఇంజను ఖళ్లుఖళ్లున దగ్గి అందుకుంది. బల్లలన్నీ ఒక్కసారి ఊగాయి. జగన్నాథరావు, హమ్మయ్య, అన్నాడు.

బజారు వెనక్కి పోతోంది. అదిగో తను కుస్తీ నేర్పిన తాలింఖానా. పెంకులు జారిపోయాయి, తలుపు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. అవతల నైజాం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు అందులో కాపురం పెట్టారు, మొత్తం నలభై మందో ఏభై మందో. గోదాలో మూడు రాళ్ల పొయ్యిలు. ఎన్ని తడవలు జల్లెడ పట్టిన మట్టి అది, ఎన్ని కుండల మజ్జిగ తాగింది, ఎంత పసుపు, ఎంత నువ్వులనూనె, దాని మీద ఒక్క రాయి కనిపిస్తే శిష్యుల చేత వంద బస్కీలు తీయించేవాడు. సంక్రమణం వెళ్లాక ఒక ముసలమ్మ వచ్చి, "అయ్యా, ఈడ పొయ్యి ఎలిగించుకోవచ్చా?" అని అడిగింది. వెలిగించుకోమ్మా అన్నాడు. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. ఆకలితో ఉన్న పిల్లలకి గంజి కాగుతుంటే ఏడవడమేమిటి. శిష్యులు ఎప్పుడో చెల్లాచెదురయ్యారు, ఒకడు మిల్లులో, ఒకడు పోలీసులో. ఇప్పుడు ఆయన దగ్గరకొచ్చేది చెయ్యి జారినవాళ్లు, కాలు బెణికినవాళ్లు. పట్టి లాగి సరిచేసి కట్టు కడతాడు. వాళ్లు కూడా ఎముక సర్దుకుని నొప్పి తగ్గగానే అడిగేది అదే. వస్తాదుగారూ, పరిటాలలో అసలేం జరిగింది?

అసలేం జరిగింది. అసలు ఎక్కడ మొదలైందో అక్కడికి పోవాలంటే పెనుగంచిప్రోలు తిరునాళ్లకి పోవాలి. మీసం సరిగా మొలవని వయసు. నందిగామ నుంచి ఎవడో సీతారామాంజనేయులు అట, అంత పొడుగు పేరున్నవాడు కుస్తీ ఏం పడతాడురా అని నవ్వాడు తను. వాడు వచ్చి జబ్బ చరిచాడు. పొట్టి మనిషి, ఒళ్లంతా నరాలే. పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండి ఉండడు. ఆరోజు పొద్దుగూకేదాకా ఒకళ్లనొకళ్లు వదల్లేదు, సమానం అన్నారు. మళ్లీ ఏడు సమానం. మళ్లీ సమానం. ఏ ఊళ్లో పట్టినా సమానమే. మిగతావాళ్లందర్నీ ఇద్దరూ చిత్తు చేశారు, బెజవాడ వాళ్లని, ఏలూరు వాళ్లని, గుంటూరు నుంచి డప్పులు కొట్టుకుంటూ వచ్చినవాళ్లని. ఒకళ్లనొకళ్లు మాత్రం చెయ్యలేకపోయారు. పేటలో పుట్టిన మగపిల్లాడికి ఉగ్గు పెడుతూ దశరథంలా పెరగాలనేవాళ్లు, నందిగామలో ఆంజనేయులులా అనేవాళ్లు. రెండూళ్ల మధ్య పెళ్లిసంబంధం కుదిరితే విడిదింట్లో ముందు ఈ తగువే వచ్చేది. తగువు ఊళ్లదే. వాళ్లిద్దరికీ ఏముంది. తల తలకి ఆనించి, మెడ వెనక చెయ్యి వేసుకుని గంటలు గంటలు నిలబడ్డ ఇద్దరు మనుషులు. ఆంజనేయులు ఊపిరి తీసుకుంటే ముందు ఎడమ డొక్క ఎగురుతుంది, ఆ తర్వాతే కుడిది. పట్టు మార్చబోయే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు. ఈ సంగతి అతని పెళ్లానికి తెలుసో లేదో. బాలామణి ఊపిరి ఎలా తీసుకుంటుందో దశరథరామయ్య ఏనాడైనా గమనించాడా అంటే, లేదు. సిగ్గుపడాల్సిన మాటే గాని నిజం.

"మామగారి మాట కాస్త ముద్దగా వస్తోందండి," అన్నాడు జగన్నాథరావు. "నెమ్మదిగా వింటే తెలుస్తుంది. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతోంది."

ఆడుతోందా. ఆ కుడిచెయ్యి సంగతి నాకు చెబుతున్నావా అబ్బాయ్. మణికట్టు మీద ఒకసారి పడిందంటే విడిపించడానికి మనిషి తాతలు దిగి రావాలి. చిల్లకల్లు దాటి బస్సు బెజవాడ రోడ్డెక్కింది. రెండు వైపులా కోసేసిన మిరపచేలు, ఎండుకట్టెలు, ఎర్రదుమ్ము. దుమ్ము కిటికీలోంచి వచ్చి నాలుక మీద పడింది. ఆ రుచి తెలుసు. పరిటాలలోనూ ఇదే రుచి.

ఉప్పు సత్యాగ్రహం అయిన మరుసటేడు. ఎక్కడ పట్టాలన్న దాని మీదే ఏడాది నడిచింది. పేటలో అయితే నందిగామ వాళ్లు ఒప్పరు, నందిగామ అయితే పేటవాళ్లు ఒప్పరు. చివరికి పరిటాల. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం, మధ్యలో ఆ కాసిని ఊళ్లూ నైజాంవి, ఆ మట్టి ఎవరి పక్షమూ కాదని పెద్దలు తేల్చారు. అయినా ఎవరి గోదా నుంచి వాళ్లు ఒక తట్ట మట్టి తెచ్చుకుని అందులో కలిపితే గాని దిగలేదు. ఎండ వాలేవేళ మొదలైంది. ఎంతసేపో తెలీదు, పొద్దు పడమటి చెట్లలోకి దిగింది, ఇద్దరి ఒళ్లూ జారిపోతున్నాయి, చెవులు నలిగి నెత్తురు కారుతోంది, అప్పుడు ఆంజనేయులు ఊపిరి బిగబట్టాడు. ఆ ఒక్క క్షణం. నడుం చిక్కింది. చిక్కిందని ముందు చేతులకి తెలిసింది, తర్వాత తనకి తెలిసింది. ఎత్తాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆంజనేయులు కాళ్లు రెండూ నేల వదిలాయి. వేశాడు. అంతలో చేల మీంచి సుడిగాలి లేచి గోదా మీదికి వచ్చింది. కళ్లనిండా మట్టి. తాటాకు పందిరి ఎగిరిపోయింది. తను ఆంజనేయులు మీద పడ్డాడు, అంతవరకు ఖాయం. కింద అతను వీపు మీద ఉన్నాడా, పక్కకి ఒరిగాడా? చేతులు చెప్పాలి. చేతులు మొద్దుబారిపోయాయి. కళ్లు మూసుకుపోయాయి. తాళ్లు తెంపుకుని జనం మీద పడ్డారు, తొక్కారు, లాగారు, లేపేసరికి ఇద్దరి ఒళ్లూ ముందూ వెనకా మట్టే. మధ్యవర్తిగా కూర్చున్న బందరు ముసలి వస్తాదు తలపాగా ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ, దుమ్ములో నాకేం కనపళ్లా నాయనా, అన్నాడు. ఇంకేముంది, పేటవాళ్లు దశరథాన్ని భుజాల మీదికెత్తారు, నందిగామ వాళ్లు ఆంజనేయుల్ని ఎత్తారు. రెండు ఊరేగింపులూ పోవాల్సింది ఒకే రోడ్డు. కీసర దగ్గర మునేరు దాటేచోట బళ్లూ డప్పులూ కలిసిపోయి ఏ జై ఎవరిదో తెలియలేదు. ఆ గొడవలో ఒక్కసారి ఆంజనేయులు అటు భుజాల మీంచి ఇటు చూశాడు. దీపాలు లేవు. ఆ చూపులో ఏముందో కనిపిస్తే ఇవాళ ఈ బొగ్గు బస్సులో పనేముంది.

మర్నాడు తెల్లారగట్లే లేచి గోదా గట్టు మీద కూర్చున్నాడు. కుస్తీ పట్టేవాళ్లలో ఒక కట్టడి ఉంది. పడ్డవాడు మర్నాటి పొద్దున గెలిచినవాడి గోదాకి వచ్చి, పలకరించకుండా పిడికెడు మట్టి తీసి నెత్తిన వేసుకుని పోవాలి. అంతే. ఎవరూ అడగరు, అడగకూడదు. నువ్వు పడ్డావా అని వస్తాదుని నోటితో అడగడం చెప్పుతో కొట్టడం కంటే ఎక్కువ. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాడు. నందిగామ రోడ్డున వచ్చిన బండి ప్రతిదీ చూశాడు. రాలేదు. పడనివాడు ఎందుకు వస్తాడు. పడి కూడా రాకపోయేటంతటి నీచుడు కాడు ఆంజనేయులు. మరి తను ఎత్తి వేసిన వేటు ఏమైనట్టు? పదిహేడేళ్లు ఈ రెండు మాటల మధ్య తిరిగాడు. ఆ తర్వాత గోదాలోకి దిగలేదు, ఆంజనేయులూ దిగలేదట. మొహమొహాలు చూసుకోలేదు. పంతం అనుకున్నారు జనం. పంతం కాదు, కట్టడి. అడగకూడనిది అడగాలనిపిస్తుందని భయం.

గౌరవరం మిట్ట మీద బస్సు నిలబడిపోయింది. దిగండయ్యా, తొయ్యండి, అన్నాడు డ్రైవరు. అందరూ దిగారు. దశరథరామయ్య వెనక చెక్కకి భుజం ఆనించాడు. బస్సు కదిలింది. పక్కన తోస్తున్న తలపాగా ఆసామి ఆయన చెవుల వంక చూసి, "ఈయన వస్తాదులాగుండాడే," అన్నాడు. బస్సు మళ్లీ ఎక్కేసరికి అనుకున్నంతా అయింది.

"పరిటాల కుస్తీ చూశారా మీరు? నేను అక్కడే ఉన్నా," అన్నాడు తలపాగా ఆసామి. "పేట దశరథం వేసిన వేటుకి ఆంజనేయులు వీపంతా మట్టే."

"నువ్వొక్కడివే ఉన్నావా? నేనూ ఉన్నా," అన్నాడు నందిగామ కోర్టుకి పోతున్న ఇంకొకాయన. "పిల్లిలా పక్కకి దొర్లాడయ్యా. వీపు తగిలిందే లేదు."

పరిటాలలో ఉన్నామన్నవాళ్లందరూ నిజంగా ఉండుంటే ఆ ఊరు మునేటి దాకా పాకేది. కళ్లద్దాల కుర్రాయన ఒకడు, చంకలో పేపరు పెట్టుకున్నవాడు, విసుక్కున్నాడు. "అవతల రజాకార్లు ఊళ్లు తగలబెడుతుంటే ఎప్పుడో పట్టిన కుస్తీలెందుకండీ?" జగన్నాథరావు మొహం ఎర్రబడింది, ఏమనుకోకండి అని గొణిగాడు. ఏమనుకుంటాడు. కుర్రాయన చెప్పింది నిజమే. ఆంజనేయులు తగిలింది అన్నాడనుకో, ఎవరికి చెప్పుకోవాలి ఇప్పుడు? భుజాల మీద ఎత్తుకున్నవాళ్లలో సగం మంది కాటికి పోయారు. పేట బజారులో నుంచుని అరిస్తే శరణార్థుల పిల్లలు తప్ప ఎవరు వింటారు? ఎవరూ వినక్కర్లేదు. తనకి తెలిస్తే చాలు. ఒక పని జీవితమంతా చేశాక ఆ పని అయిందో లేదో తెలియకుండా పోవడం, అది భరించలేడు. తగల్లేదు అంటే? తగల్లేదు అంటే కూడా సరే. కాదు, సరే కాదు. ఈ వయసులో, ఇంత ఒళ్లు పెట్టుకుని, భయపడుతున్నాడు. అడుగుతాడా? బాలామణి మొహం, కట్టడి, ఆంజనేయులు పెళ్లాం, అందరూ అడ్డం. అయినా అడుగుతాడు. అడగకుండా తిరిగి ఈ బస్సెక్కలేడు. అనాసాగరం వచ్చేసింది, చింతచెట్లు, కోర్టు, బండ్ల అడ్డా, నందిగామ.

ఇంటి ముందు మనుషులు నిలబడి ఉన్నారు, దారి ఇచ్చారు. కొందరు గుర్తుపట్టి తలలు దించారు. లోపల నడవలో నేల పేడతో అలికి ఉంది, ఇంకా తడి ఆరలేదు. దాని మీద దర్భలు పరిచి ఉన్నాయి. దాని పక్కనే నులకమంచం. మంచం మీద ఉన్నది ఆంజనేయులేనా? ఎముకల మీద దుప్పటి కప్పినట్టున్నాడు. నోరు ఒక పక్కకి లాగేసింది. కాని కుడిచెయ్యి మంచం పట్టెని పట్టుకుని ఉంది. ఆ పట్టు మాత్రం ఆంజనేయులుదే.

ఆంజనేయులు భార్య దుర్గాంబ ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నిన్నటి నుంచీ ఇదే వరస అన్నయ్యగారూ. కిందికి దింపాలని డాక్టరు కూడా అనేశారు. నలుగురు పట్టుకున్నా పట్టె వదలరు. దశరథం రావాలి, దశరథం వస్తే గాని దిగను అంటారు. మంచం మీద ప్రాణం పోనిస్తే ఎట్లాగండీ, రేపు నలుగురూ నన్నేమంటారు, ఆయన ఏ గతికి పోతారు? మీరైనా చెప్పండి."

చెప్పడానికి ఏముంది. దశరథరామయ్య మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆంజనేయులు కళ్లు తెరిచాడు. ఎడమ డొక్క ఎగిరింది, చాలాసేపటికి కుడిది.

"వచ్చావా."

"వచ్చా."

అడగాలి. నాలుక మీదే ఉంది మాట. నడవలో అందరూ చూస్తున్నారు, దుర్గాంబ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. ఆంజనేయులు పెదాలు ఒక మూలనుంచి కదిలాయి. మాట ముద్దగా ఉంది గాని తెలుస్తోంది.

"పరిటాల్లో పడలా నేను. నీకు తెలుసుగా."

ఇదేనా. ఇన్నేళ్లూ ఇదేనా. వీపు తగల్లేదు. ఎత్తి వేసిన ఆ ఒక్క వేటూ గాలిలో పోయింది. కోపం రావాలి, కోపం రాలేదు. నీకు తెలుసుగా అన్నాడు. ఇతను ఈ పదిహేడేళ్లూ తనకి తెలుసనే అనుకున్నాడు. తనని అంత నమ్మాడు.

"తెలుసు," అన్నాడు దశరథరామయ్య.

"ఇవాళ తప్పదంట." ఊపిరి కోసం ఆగాడు. "ఎవడు పడితే వాడు వెయ్యటమేంది నన్ను నేలమీద. నువ్వెయ్యి."

నడవలో ఎవరో వెక్కారు. దశరథరామయ్య లేచి చొక్కా విప్పి జగన్నాథరావు చేతికిచ్చాడు. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఒక చెయ్యి రెక్కల కింద వేశాడు. మంచం పట్టె మీది వేళ్లు వాటంతటవే విడిపోయి వచ్చి ఆయన మెడ వెనక పడ్డాయి, ఎన్నిసార్లో పడ్డ చోటే పడ్డాయి. ఎత్తాడు. బరువే లేదు. ఈ మనిషిని ఎత్తడానికి ఒక జీవితం పట్టింది, ఇప్పుడు చూస్తే గోనెసంచి అంత లేడు. మోకాళ్లు రెండూ కటుక్కుమన్నాయి. నెమ్మదిగా, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు, తడినేల మీదికి దించాడు. నడుం ఆనింది. తల ఆనింది. వీపు మాత్రం తన చేతి మీద ఉంది. ఆ చెయ్యి రావడం లేదు. లాగుదామనుకుంటాడు, రాదు. నేలకీ ఆ వీపుకీ మధ్య తన చెయ్యి ఉంది, ఉండనీ, ఎవరికేం నష్టం, ప్రాణం పోయేదాకా ఇలాగే ఉంటాడు తను, ఎంతసేపైనా ఉంటాడు.

"చెయ్యి తియ్," అన్నాడు ఆంజనేయులు.

దశరథరామయ్య కదల్లేదు.

"దొంగపట్టు పట్టకు దశరథం. తియ్."

తీశాడు. ముందు ఎడమ రెక్క, దాని వెనక కుడి రెక్క నేలకి ఆనాయి. పందిరి లేదు, గాలి లేదు, దుమ్ము లేదు. దశరథరామయ్య కళ్లారా చూశాడు. ఆంజనేయులు వీపు పూర్తిగా నేలమీద ఉంది. నోటి ఒక మూల కొంచెం నవ్వినట్టు వంగింది. దుర్గాంబ తులసినీళ్ల చెంచా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. అందరూ దగ్గరికి జరిగారు. ఆయన మాత్రం మోకాళ్ల మీదే ఉండిపోయాడు, కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీంచి ఆంజనేయులు రొమ్ము మీద పడుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. వంగి, అతని భుజం పట్టుకుని, నందిగామంతా వింటున్నా సరే అన్నట్టు అన్నాడు.

"లే, ఆంజనేయులూ. లే, మళ్లీ పడదాం."